రెండు లైన్లు తక్కువ

సూళ్లూరుపేట స్టేషన్లో దిగి బజారు వైపు నడిస్తే, చెప్పుల కొట్టు పక్కన నిటారుగా ఒక మెట్ల వరస ఉంటుంది. మోకాళ్లు గట్టిగా ఉన్నవాళ్లే ఎక్కాలి. పైన జీవానందం సార్ టైపు ఇన్‌స్టిట్యూట్. ఒకప్పుడు ఆ మెట్ల కింద నిలబడితే పన్నెండు రెమింగ్టన్ మిషన్ల మోత వినిపించేది. చెప్పుల కొట్టాయన బేరం చెయ్యాలంటే అరిచి చెప్పుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు పైన ఏడు కంప్యూటర్లు, వాటిలో పనిచేసేవి అయిదు. మోత లేదు, నేర్చుకునేవాళ్లూ అంతంతమాత్రమే.

జీవానందం గొప్పవాడేం కాదు. ఊళ్లో ఎవరూ పిలిచి శాలువా కప్పలేదు. ముప్పై అయిదేళ్లుగా జనం వేళ్లకి దారి చూపిస్తూ వచ్చాడు, అంతే. కాకపోతే ఆయనకి ఒక చెవి ఉంది. ఆదివారం చర్చిలో డోలక్ ఆయనదే. పాటలో ఎవరి చప్పట్లయినా వెంట్రుకవాసి ముందుపడ్డా వెనకపడ్డా ఆయన మొహం చిరాకుతో ముడుచుకుంటుంది. కొత్తగా చేరిన పాట పిల్లలు పాస్టరు గారికంటే ఆయనకే ఎక్కువ భయపడతారు.

ఇన్‌స్టిట్యూట్లోనూ అంతే. మిషన్ల రోజుల్లో టేకు స్కేలు ఒకటి పట్టుకుని బల్ల మీద కొట్టేవాడు. ఒక దెబ్బకి ఒక అక్షరం. గోడ గడియారం వైపు ఒక చూపు, బల్ల మీద ఒక దెబ్బ. పన్నెండు మిషన్లూ ఆ దెబ్బతోనే పలకాలి. కళ్లు మూసుకుని కూర్చునే, "మూడో మిషనూ, చిటికిన వేలు నిద్ర పోతుండాది" అనేవాడు. పోతూనే ఉండేది.

కంప్యూటర్లొచ్చాక రెమింగ్టన్లు పాత ఇనుముకి పోయాయి. మణికట్టు నొప్పితో స్కేలు కూడా మూలబడింది. అప్పుడు జీవానందానికి నలభై అయిదేళ్లు. నాయుడుపేటలో ఒక కంప్యూటర్ సెంటరుకి ఆర్నెల్లు బస్సులో తిరిగి, తన కొడుకు వయసు వాళ్ల పక్కన బెంచీలో కూర్చుని, ప్రోగ్రాం రాయడం నేర్చుకున్నాడు. తన స్కేలు చేసే పనిని కంప్యూటరు చేత చేయించాలని ఆయన పంతం. చేయించాడు కూడా. తెర మీద ఒక పేజీ ఇంగ్లీషు వస్తుంది. ఒక పసుపు గడి అక్షరం మీంచి అక్షరం మీదికి కదులుతుంది. కదిలినప్పుడల్లా టక్ అంటుంది. నేర్చుకునేవాళ్లు దాని వెంట పడి కొట్టాలి. లోయరు పరీక్ష వాళ్లకి నిమిషానికి ముప్పై మాటలు, హయ్యరు పరీక్ష వాళ్లకి నలభై అయిదు. పది నిమిషాల పేజీ అయిపోగానే గంట మోగుతుంది. ఆ ప్రోగ్రాం చూపించాలని ఎవరొచ్చినా కుర్చీ వేసి కూర్చోబెట్టేవాడు. జిల్లాలో ఇట్టాంటిది ఇంకెవరి దగ్గరా లేదని ఆయన నమ్మకం. జీవితంలో సొంతంగా చేసిన వస్తువు అదొక్కటే మరి, మురిసిపోడా?

ఆ ప్రోగ్రాం వచ్చాక ఒక వింత జరిగింది గానీ, దాన్ని వింత అని అప్పుడు ఎవరూ అనుకోలేదు. లోయరు వాళ్లు ఎప్పటిలాగే పాసవుతున్నారు. హయ్యరు వాళ్లు మాత్రం ఫెయిలవుతున్నారు. ఎప్పుడో ఒకరిద్దరు తప్ప, మిగతా అందరూ పరీక్ష హాల్లోంచి వచ్చి ఒకటే మాట చెప్పేవాళ్లు: "రెండు లైన్లు మిగిలిపోయినాయి సార్." జీవానందం ఒకటే జవాబు చెప్పేవాడు: "భయం. ఇక్కడ గంట మోగేటప్పటికి పేజీ అయిపోతుండాది గదా? అక్కడెందుకు కాదు? భయపడినారు." పదిహేడేళ్లు అదే ప్రశ్న, అదే జవాబు. ఈ కాలం పిల్లలకి గుండె ధైర్యం తక్కువని ఆయన తీర్మానించుకున్నాడు.

వనజాక్షి ఆ మెట్లెక్కి వచ్చేనాటికి ఆమెకి ముప్పై రెండేళ్లు. చిట్టమూరు వైపు పల్లెటూరు. ఆమె భర్త నరేంద్రబాబు ఇదే ఊళ్లో ఒక ప్రభుత్వ ఆఫీసులో టైపిస్టు. హైవే మీద మోటారు సైకిల్ ప్రమాదంలో పోయాడు. ఆ ఉద్యోగం ఈమెకిచ్చారు, షరతు మీద. మూడేళ్లలో టైపు హయ్యరు పాసవ్వాలి. కాకపోతే అదే ఆఫీసులో అటెండరు. భర్త కూర్చున్న కుర్చీలో కూర్చుని కాగితాలు కొట్టడమా, ఆ కుర్చీలోవాడికి కాఫీ తెచ్చివ్వడమా, ఆమెకి తేలాల్సింది అదీ.

నరేంద్రబాబు జీవానందం దగ్గరే నేర్చుకున్నాడు. స్కేలు రోజుల్లో, రెమింగ్టన్ మీద. హయ్యరు మొదటిసారికే పాసయ్యాడు. అది తల్చుకుని జీవానందం ఆమెని ఎక్కువ పట్టించుకునేవాడు. వనజాక్షి కూడా అట్లాగే పనిచేసింది. పొద్దున ఆరున్నరకి వచ్చి ఎనిమిది దాకా, సాయంత్రం ఆఫీసు వదిలాక మళ్లీ ఒక గంట. ఆర్నెల్లలో లోయరు కొట్టేసింది. హయ్యరు రెండుసార్లు రాసింది. రెండుసార్లూ ఫెయిలు. రెండుసార్లూ రెండు లైన్లు తక్కువ.

గడువు లోపల మిగిలింది ఒక్క పరీక్ష. జనవరి ఆఖర్లో.

నవంబరు వానల్లో ఒకనాడు ఆమె గంట మోగాక కూడా లేవకుండా కూర్చుంది. పేజీ పూర్తయింది, తప్పులు రెండే. జీవానందం భేష్ అన్నాడు. ఆమె కాసేపు నసిగి, చేతిలో ఫోను తిప్పుతూ అంది:

"సార్, తప్పుగా అనుకోబాకండి. ఆఫీసులో మధ్యాహ్నం అన్నాలప్పుడు ఫోన్లో పది నిమిషాలు పెట్టుకోని కొట్టి చూస్తుండా. ఎప్పుడు కొట్టినా రెండు లైన్లు మిగులుతుండాయి. ఇక్కడ మాత్రం అయిపోతాది. ఇక్కడ పది నిమిషాలు రవ్వంత పెద్దవేమో సార్."

పక్క కంప్యూటరు దగ్గర ఒక అమ్మాయి ఫక్కున నవ్వింది. ఆ నవ్వే చెడగొట్టింది. జీవానందానికి కోపం నషాళానికి ఎక్కింది.

"ఆడలేక మద్దెల ఓడంటే ఇదేనమ్మా! పదిహేడేళ్లుగా నడిచే ప్రోగ్రాం. నీ మొగుడు ఇట్టాంటి సాకులు ఏనాడూ చెప్పలా."

వనజాక్షి తల దించుకుంది. ఫోను సంచిలో పెట్టేసి, రేపు వస్తానని చెప్పి మెట్లు దిగింది. మర్నాడు ఆరున్నరకల్లా వచ్చింది కూడా. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

జీవానందానికి మాత్రం ఆ మాట కాల్లో ముల్లులా ఉండిపోయింది. నెల దాటినా పోలేదు. క్రిస్మస్ వెళ్లింది, కొత్త సంవత్సరం ఆరాధన వెళ్లింది. జనవరి మొదటి ఆదివారం చర్చిలో డోలక్ వాయిస్తుంటే ఒక పాట మధ్యలో ఆయనకి తోచింది: అందరూ కలిసి, ఒక్కలాగే నిదానంగా పాడితే, తప్పు ఎవరికి తెలుస్తుంది? ఎవరూ ముందుపడరు, ఎవరూ వెనకపడరు. చెవికి అంతా సరిగ్గానే ఉంటుంది. ఆరాధన అవగానే భార్య ఎస్తేరమ్మని ఇంటికి పంపించి, ఒక్కడే ఇన్‌స్టిట్యూట్ తాళం తీశాడు.

హయ్యరు పేజీ పెట్టాడు. పక్కన ఫోన్లో టైము పెట్టాడు. పసుపు గడి కదిలింది. ఫోన్లో పది నిమిషాలు అయ్యాయి. గడి ఇంకా కదులుతూనే ఉంది. ఆయన కళ్లు గడిని వదల్లేదు. గంట మోగేటప్పటికి ఫోను పది నిమిషాల ముప్పై మూడు సెకన్లు చూపించింది. ఇంకోసారి పెట్టాడు. మళ్లీ ముప్పై మూడు. ఇంకో కంప్యూటరు మీద పెట్టాడు. అదే.

లోయరు పేజీ పెట్టి చూశాడు. తొమ్మిది సెకన్లే ఎక్కువ.

తను రాసిన ప్రోగ్రాం తెరిచాడు. తప్పు ఎక్కడా కనపడలేదు. నిమిషానికి నలభై అయిదు మాటలు, మాటకి అయిదు అక్షరాలు. ఆ లెక్కన అక్షరానికీ అక్షరానికీ మధ్య సెకనులో వెయ్యింట రెండు వందల అరవై ఆరు వంతులు ఆగాలి. సరిగ్గా అంతే ఆగమని రాసి ఉంది. దాన్ని రెండు వందల అరవైకి తగ్గించి చూశాడు. గడి ఒక్కసారిగా పరిగెత్తింది, పది నిమిషాలకి ముందే పేజీ అయిపోయింది. రెండు వందల యాభై అయిదు చేశాడు. ఇంకా పరిగెత్తాలి కదా? లేదు, ముందెంతో అంతే. అప్పుడర్థమైంది ఆయనకి. కంప్యూటరు లోపలి గడియారం జారుడుబల్ల కాదు, మెట్లు. అది సెకనుకి అరవై నాలుగుసార్లే కళ్లు తెరుస్తుంది. ఏ పనైనా అది కళ్లు తెరిచినప్పుడే. ఆ మధ్యలో సమయం అయిపోయినా దానికి తెలియదు.

స్టేషన్ పక్కన బతికే మనిషికి ఇది ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. మెడ్రాసు లోకల్ వెళ్లిపోయాక ప్లాట్‌ఫారం మీదికి ఒక్క నిమిషం ఆలస్యంగా వచ్చినవాడు, మిగతా జనంతో పాటు తర్వాతి బండికే పోవాలి. ఆ గడియారం కళ్లు తెరిచే ప్రతిసారీ ఒక బండి అనుకుంటే, రెండు వందల అరవై ఆరు కూడా అట్లాగే పదిహేడో బండిని వెంట్రుకవాసిలో అందుకోలేక, ప్రతి అక్షరానికీ పద్దెనిమిదో బండి ఎక్కుతోంది. లోయరు వాళ్లకి బండి దాదాపు వేళకే దొరుకుతోంది, అందుకే వాళ్లు పాసవుతున్నారు. నలభై అయిదని ఆయన చెప్పిన వేగం నిజానికి నలభై మూడు కూడా లేదు. పదిహేడేళ్లు హయ్యరు వాళ్లందరికీ నలభై రెండున్నర చిల్లర నేర్పించి, నలభై అయిదు పరీక్షకి పంపించి, వచ్చాక భయపడ్డారని తిట్టాడు.

ఎంతమందో ఆయన లెక్కపెట్టలేదు. లెక్కపెట్టే ధైర్యం లేదు. మొహాలు మాత్రం వచ్చాయి. ముత్తుకూరు నుంచి రోజూ అంతదూరం వచ్చి నేర్చుకున్న బిందు, మూడుసార్లు ఫెయిలై చివరికి రొయ్యల కంపెనీలో రొయ్యలు వలిచే పనికి పోయింది. ఆమెతో ఆయన అన్న మాట గుర్తొచ్చింది: "నీ గుండె చేపపిల్ల గుండె." ఆయన కంప్యూటర్లు ఆపి తాళం వేశాడు.

ఇంటికెళ్లి ఎస్తేరమ్మతో చెప్పాడు. ఆమె అన్నం వడ్డిస్తూ విని, గరిటె ఆపింది.

"వనజకి జెప్పినారా?"

"చెప్పాలి."

"ఎప్పుడు?"

ఆయన అన్నం కలుపుకుంటూ కూర్చున్నాడు.

"పరీక్ష పంతొమ్మిది రోజులుండాదంటిరి. రేప్పొద్దున్నే జెప్పండి. ఆ బిడ్డని ఎంత మాటన్నారో మీరే జెప్పినారు గదా నాకు."

చెబుతాననే అనుకున్నాడు. రెండు సాయంత్రాలు కూర్చుని ప్రోగ్రాం సరిచేశాడు. ప్రతి అక్షరానికీ ఇంత ఆగు అనే పద్ధతి తీసేశాడు. గడియారం చూసుకుని, ఈపాటికి ఎన్నో అక్షరం మీద ఉండాలో అక్కడికి పొమ్మని రాశాడు. ఒక మెట్టు దగ్గర ఆలస్యమైనా తర్వాతి మెట్టు దగ్గర సర్దుకుంటుంది. పది నిమిషాల పేజీ సరిగ్గా పది నిమిషాలకి ముగిసింది. పదిహేడేళ్ల తప్పు దిద్దడానికి ఏడు లైన్లు పట్టాయి. మంగళవారం పొద్దున వనజాక్షి వచ్చేసరికి సరైన ప్రోగ్రాం సిద్ధంగా ఉంది. ఆయన నోరే సిద్ధంగా లేదు.

ఆమె కొట్టడం మొదలుపెట్టింది. రెండో పేరా నుంచే గడి ఆమెని దాటిపోయింది. ఎన్నో నెలలుగా ఆ గడి పక్కనే నడిచిన వేళ్లు. అవి కంగారుపడ్డాయి. గంట మోగేటప్పటికి రెండు లైన్లు మిగిలాయి, తప్పులు పదకొండు.

"ఏంది సార్ ఇది?" అంది ఆమె, తెర వైపు చూస్తూ.

అదే సమయం. ఒక్క మాట చాలు. ఇన్నాళ్లూ మద్దెలే ఓడమ్మా, నువ్వు చెప్పిందే నిజం, నీకు తక్కువైంది రెండు లైన్లే, ఈ పదిహేడు రోజులూ వాటి మీద కూర్చుందాం. కానీ అదే పక్క కంప్యూటరు దగ్గర ఆ రోజు నవ్విన అమ్మాయే కూర్చుని ఉంది. ఆ అమ్మాయి వింటే ఊరంతా చెప్పినట్టే. ఈ మెట్లెక్కి దిగిన ప్రతి ఒక్కరూ వచ్చి అడుగుతారు. జీవానందం గొంతు సవరించుకున్నాడు.

"పరీక్ష దగ్గిరపడింది గదా. భయం."

అన్నాక తేలు కుట్టిన దొంగలా తన బల్ల దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు.

ఆ మాట వనజాక్షి నమ్మింది. నమ్మడమే ఆమె చేసిన తప్పయితే, అది తప్పే. నిన్నటిదాకా వచ్చినది ఈ రోజు రావట్లేదంటే, కారణం తన చేతులే అనుకుంది. గడిని పట్టుకోవాలని ఎగబడింది. ఎగబడేకొద్దీ తప్పులు పెరిగాయి, తప్పులకి జడిసి వేగం తగ్గింది. వారం తిరిగేసరికి మూడు లైన్లు, పది రోజులకి నాలుగు. సెలవు పెట్టి పొద్దుటి నుంచి కూర్చుంది. వేళ్లకి జండూబామ్ రాసుకుని వచ్చేది. ఒకరోజు కొడుతూ కొడుతూ ఆపి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటి వైపు చూసింది.

"ఈటికి ఏదో అయింది సార్. డాక్టరు దగ్గిరికి పోవాల్నేమో."

జీవానందం ఆమెని చూడలేక కిటికీలోంచి బజారు చూశాడు. ఇంటి దగ్గర ఎస్తేరమ్మ రోజూ అడిగేది, చెప్పినారా అని. ఇప్పుడు చెబితే వనజ ఇంకా బెదిరిపోతుందని, పరీక్ష కానిమ్మని ఆయన అనేవాడు. ఎస్తేరమ్మ నాలుగు రోజులు అడిగి మానేసింది. మానేసిన తర్వాత ఆయనకి ఆమె వడ్డించిన అన్నం కూడా సయించలేదు. సిగ్గుని కరుణ అని పేరుపెట్టి దాచుకుంటున్నాడని ఆయనకీ తెలుసు.

పరీక్ష ముందు రోజు ధైర్యం తెచ్చుకుని ప్రోగ్రాంలో పాత పద్ధతే మళ్లీ పెడదామా అనుకున్నాడు. కనీసం ఆమె ఒక్కసారైనా పేజీ పూర్తిచేసి సంతోషంగా వెళుతుంది. పెట్టలేదు. అబద్ధం ఇంకోసారి నేర్పలేకపోయాడు, నిజం ఒక్కసారీ చెప్పలేకపోయాడు. ఆ రోజు వనజాక్షి వెళుతూ ఆయన కాళ్లకి దణ్ణం పెట్టింది. ఆయన వెనక్కి జరిగాడు.

పరీక్షలో ఆమెకి అయిదు లైన్లు మిగిలాయి.

ఫలితాలొచ్చిన నెలకి, ఆమెని అటెండరుగా వేస్తూ ఆర్డరు వచ్చింది. ఆ సంగతి ఆయనకి చెప్పుల కొట్టాయన ద్వారా తెలిసింది. వనజాక్షి మాత్రం ఒక సాయంత్రం మెట్లెక్కి వచ్చి, పావుకిలో మైసూరుపాకం పొట్లం బల్ల మీద పెట్టింది. పాసైనవాళ్లు పెట్టే ఆనవాయితీ అది. ఫెయిలైన మనిషి అది పెట్టడం ఆయన ఎప్పుడూ చూడలేదు.

"మీరు చేసిందాంట్లో లోపం లేదు సార్. మా ఆయనకి పాసయ్యే చేతులు, నాకు లేవు. అంతే," అని చెప్పి, ఆయన నోరు తెరిచేలోగా దిగి వెళ్లిపోయింది. పొట్లం మూడు రోజులు అక్కడే ఉంది. చీమలు పట్టాయి.

జూన్ ఎండల్లో ఒక పొద్దున జీవానందం ఆ ఆఫీసుకి వెళ్లాడు. ఆఫీసరు గది బయట స్టూలు మీద వనజాక్షి కూర్చుని ఉంది. ఆయన్ని చూసి లేచి నిలబడి, తన స్టూలు ఆయనకి జరిపి, కుండలోంచి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. కొత్త ఉద్యోగానికి చేతులు బాగానే అలవాటు పడ్డాయి, చుక్క కూడా తొణకలేదు.

ఆయన నీళ్లు తాగకుండా చెప్పాడు. గ్లాసు పట్టుకునే చెప్పాడు. ముప్పై మూడు సెకన్లు, పదిహేడో బండి, పద్దెనిమిదో బండి, నవంబరులో ఆమె అన్న మాట, తను అన్న మాట, జనవరిలో ఎవరికీ చెప్పకుండా దిద్దిన ప్రోగ్రాం, అన్నీ. "మద్దెలే ఓడమ్మా. నీ చేతుల్లో తప్పు లేదు," అన్నాడు చివర్న. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె కళ్లల్లో తిరగలేదు.

"అయితే జనవరిలో నాకు తక్కువైంది రెండు లైన్లేనా సార్?"

"రెండే."

"పదిహేడు రోజులుండె గదా."

"ఉండె."

ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంది.

"చెప్పుంటే నేర్చుకోనుండేదాన్ని సార్. రెండు లైన్లు అంత పెద్దపనేం గాదు. నా చేతులే చెడిపోయినాయని అనుకున్నా, దాంతోనే పోయింది అంతా." కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆయనకి కొంత తేలికగా ఉండేది. "ఇప్పుడు నాకెందుకు జెప్తుండారు సార్?"

తన బరువు దింపుకోవడానికి వచ్చాడని ఆమెకీ తెలిసిపోయింది. లోపల ఆఫీసరు బెల్లు కొట్టాడు. ఆమె కొంగు సర్దుకుని, తలుపు తోసుకుని వెళ్లింది.

తెరిచిన తలుపులోంచి, ఆఫీసరు బల్లకి పక్కగా, ఒకప్పుడు నరేంద్రబాబు కూర్చున్న టైపిస్టు కుర్చీ కనిపించింది. బదిలీ మీద కొత్తగా వచ్చిన టైపిస్టు అందులో కూర్చున్నాడు. హయ్యరు సర్టిఫికెట్ ఉన్నవాడే. కీబోర్డు మీదికి వంగి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, రెండు చూపుడు వేళ్లతో కొడుతున్నాడు. టక్. టక్. కాసేపాగి, టక్. జీవానందం వద్దనుకున్నా ఆయన చెవి ఊరుకోలేదు, లెక్క కట్టేసింది. నిమిషానికి పన్నెండు మాటలు. మహా అయితే పదమూడు.